శాస్త్రపాఠమును ఆంగ్లమున చదువు విధము

బడంగ్‌పేట నుండియు, దానికి పొరుగున నున్న బాలాపురము, నాదర్‌గుల్, మీర్‌పేటల నుండియు బాలబాలికలు పదవ తరగతి ముగించి దిల్‌సుఖ్‌నగర్, ఎల్. బి. నగర్ ప్రాంతములందలి కళాశాలలలో చేరుచుందురు. వారిలో తెలుగున చదువుకొని శాస్త్రశాఖను కోరుకొనినవారికి అచట మొదట నెదురగు కష్టము లెక్కలు గాదు, ప్రయోగములును గాదు, పాఠ్యపుస్తకమందలి యాంగ్లము. నిన్నటివరకు బలము, శక్తి, కణము అని చదివిన బాలుడు అవే విషయములను ఆంగ్లమున చూచి బెదరును. కొన్నినెలలు గడచునప్పటికి తనకు శాస్త్రము రాదని తానే తీర్మానించుకొనును. అప్పు చేసి రుసుము కట్టిన తల్లిదండ్రులు సయితము తమ బిడ్డకు బుద్ధి చాలదు కాబోలునని చింతింతురు. అది బుద్ధి చాలక కలిగిన కష్టము గాదు. చదువు పద్ధతి తెలియక కలిగినది. ఆ పద్ధతిని కొంతవరకైనను తెలుపుటకే ఈ పాఠమును వ్రాయుచున్నాము.

మేము చెప్పదలచిన ముఖ్యాంశ మొక్కటే. తెలియని మాట విద్యార్థిని అంతగా మోసపుచ్చదు. అది తనకు తెలియదని యెరిగి యతడు నిఘంటువును చూచును, లేదా గురువు నడుగును. తెలిసినదే యని తోచు చిన్న మాటయే మోసపుచ్చును. దానివద్ద నతడు ఆగడు. ఆగకపోవుటచే వాక్యమంతయు తారుమారగును.

ఈ పాఠమున ఆంగ్లవాక్యములను తెలుగులిపిలోనే యిచ్చుచున్నాము. విద్యార్థి వానిని తన పుస్తకమున ఆంగ్లాక్షరములతో వ్రాసికొనవలెను. అట్లు తప్పులు లేకుండ వ్రాసికొనుటయే మొదటి యభ్యాసము.

1. "వర్క్" అను మాట

ఈ మాట యెరుగని విద్యార్థి యుండడు. "వర్క్ అనగా పని" యని మూడవ తరగతి బాలుడైనను చెప్పును. ఇప్పుడు ఈ క్రింది వాక్యములను చూడుడు.

"మై ఫాదర్ ఈజ్ ఎట్ వర్క్." ఇచట వర్క్ అనగా ఉద్యోగస్థలము.
"ది పంప్ డజ్ నాట్ వర్క్." ఇచట పంపు నడచుట లేదని యర్థము.
"ది మెడిసిన్ వర్క్‌డ్." మందు గుణమిచ్చెనని యర్థము.
"ది వర్క్స్ ఆఫ్ వీరేశలింగం." వీరేశలింగముగారి రచనలు.
"ది వాటర్ వర్క్స్." నగరమునకు నీటిని శుద్ధిచేసి పంపు ఏర్పాటు. మన హైదరాబాదున ఆంగ్లము రానివారును ఈ మాటను వాడుదురు.

ఈ అయిదింటిలో ఏ యొక్కదానికిని "పని" యను తెలుగుమాట చక్కగా నతుకదు. "మందు పని చేసెను" అని మన మనుట కలదు గాని, "వీరేశలింగముగారి పనులు" అన్నచో అర్థము చెడును. కావున మాటకు అర్థము మాటలో మాత్రమే యుండదు. దాని ప్రక్కనున్న మాటలలోను ఉండును. నిఘంటువులో మొదట కనబడిన యర్థమును పట్టుకొని పరుగిడువాడు తప్పక పడును.

భౌతికశాస్త్రమున "వర్క్" అను మాటకు వేరొక యర్థము కలదు. ఒక వస్తువుపై బలము ప్రయోగింపగా అది ఆ బలముయొక్క దిశలో కొంతదూరము కదలినయెడల, ఆ బలమును ఆ దూరముచే గుణింపగా వచ్చునది వర్క్. దానిని జౌల్ అను ప్రమాణముతో కొలుతురు. ఒక న్యూటను బలముచే వస్తువు ఒక మీటరు కదలినచో ఒక జౌలు పని జరిగినట్లు. యాబది కిలోగ్రాముల బరువుగల బాలుడు మూడు మీటర్ల యెత్తుగల మెట్లెక్కినచో 50, 9.8, 3 అను సంఖ్యలను గుణింపగా 1470 జౌళ్లు వచ్చును. అతడు తన బరువునకు ఎదురుగా చేసిన పని యంత.

ఇక ఎల్. బి. నగర్ బస్సు స్టాపున బరువైన పుస్తకముల సంచిని చేతబట్టుకొని అరగంట కదలక నిలుచున్న విద్యార్థి యెంత పని చేసెను? పుస్తకమున నున్న సమాధానము సున్న. సంచి కదలలేదు గనుక పని లేదు. ఈ వాక్యమును మొదటిమారు చదివిన బాలుడు పుస్తకము తప్పని యైనను, తనకు ఆంగ్లము తెలియలేదని యైనను తలచును. రెండును గావు. మాట తెలిసినదే, అర్థము మాత్రము మారినది.

"పవర్" అను మాటయు నిట్టిదే. మన యిండ్లలో "పవర్ పోయినది" అన్నచో విద్యుత్తు ఆగిపోయినదని యర్థము. వార్తాపత్రికలో పవర్ అనగా అధికారము. భౌతికశాస్త్రమున మాత్రము పని జరుగు వేగము. పై బాలుడు ఆ మెట్లను పది సెకండులలో నెక్కినచో అతని పవర్ 147 వాట్లు. బోరు బావికి అమర్చు మోటారుపై వ్రాసియుండు హార్స్ పవర్ ఒక్కింటికి రమారమి 746 వాట్లు. ఇట్లు లెక్కించి చూచిన మాట మరల మరపునకు రాదు.

2. అలసట యేల కలిగెను?

సంచి పట్టుకొని నిలుచున్నవాడు పని చేయలేదన్నచో అతని చేయి యేల నొప్పిపుట్టెను? ఇది న్యాయమైన ప్రశ్న. చదువుచుండగా ఇట్టి ప్రశ్న పుట్టుటయే పాఠము అర్థమగుచున్నదనుటకు గురుతు. దీనికి సమాధానము భౌతికశాస్త్రమున గాక జీవరసాయనశాస్త్రమున దొరకును. సంచి కదలకున్నను, దానిని పట్టి నిలుపుటకు కండరములందలి సన్నని పోగులు విడువక ముడుచుకొనుచు సడలుచు నుండును. అందుకు రసాయనశక్తి ఖర్చగును. ఆ శక్తిలో కొంత వేడిగా మారిపోవును.

కండరమున అప్పటికప్పుడు వాడుకొనుటకు నిలువయుండు శక్తిపదార్థములలో ఫాస్ఫోక్రియాటిన్ ఒకటి. దీనిని గూర్చి 1927వ సంవత్సరమున సైరస్ ఫిస్క్‌తో కలిసి ప్రకటించినవాడు మన తెలుగువాడే. ఆయన 1895వ సంవత్సరమున భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మెట్రిక్యులేషన్ పరీక్షయందు ఆయన మూడవ ప్రయత్నమున ఉత్తీర్ణుడైనట్లు ఆయన చరిత్ర చెప్పుచున్నది. పిమ్మట మదరాసున వైద్యవిద్య నభ్యసించి, అమెరికాకు పోయి, హార్వర్డు విశ్వవిద్యాలయమున పరిశోధన చేసెను. ఒకటి రెండు పరీక్షలలో వెనుకబడిన బిడ్డలను గూర్చి నిరాశపడు తల్లిదండ్రులు ఈ సంగతిని గమనింతురు గాక.

3. అభ్యాసమునకు ఒక పాఠము

ఇప్పుడు మన నగరముననే జరిగిన ఒక శాస్త్రకార్యమును గూర్చిన ఏడు వాక్యముల నిచ్చుచున్నాము. ఇవి విద్యార్థుల కొరకు మేమే కూర్చినవి.

ఒకటి: రోనాల్డ్ రాస్ వాజ్ ఎ డాక్టర్ ఇన్ ది ఇండియన్ మెడికల్ సర్వీస్.

రెండు: ఇన్ 1897 హి వర్క్‌డ్ ఇన్ ఎ హాస్పిటల్ ఎట్ బేగంపేట్, నియర్ సికిందరాబాద్.

మూడు: ఫర్ అబౌట్ టూ ఇయర్స్ హి హాడ్ లుక్‌డ్ ఇన్‌సైడ్ ది రాంగ్ కైండ్స్ ఆఫ్ మస్కీటో.

నాలుగు: ది పంఖా వాజ్ నాట్ యూజ్డ్, బికాజ్ ఇట్స్ విండ్ వుడ్ బ్లో ది మస్కీటోస్ అవే.

అయిదు: ఆన్ ది ట్వెంటియెత్ ఆఫ్ ఆగస్ట్ హి ఫౌండ్ స్ట్రేంజ్ సెల్స్ ఇన్ ది స్టమక్ ఆఫ్ ఎ మస్కీటో దట్ హాడ్ ఫెడ్ ఆన్ ఎ ఫీవర్ పేషెంట్.

ఆరు: హి థాట్ దట్ దీజ్ మైట్ బి ది పారసైట్ ఆఫ్ మలేరియా.

ఏడు: ఇట్ వాజ్ నాట్ అంటిల్ 1898 దట్ హి ట్రేస్డ్ ది పారసైట్ ఆఫ్ బర్డ్ మలేరియా టు ది సలైవరీ గ్లాండ్స్ ఆఫ్ ది మస్కీటో.

పాఠమును మొదట నొకమారు ఆగకుండ చదువవలెను. నిఘంటువును ముట్టరాదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏమి చేసిరి అను నాలుగింటికి మాత్రము సమాధానము వెదకవలెను. రెండవమారు వాక్యము వాక్యముగా చదువవలెను. మూడవమారు ప్రశ్నలను ముందుంచుకొని చదువవలెను.

4. మాటల వరుస

మన భాషలో క్రియ వాక్యము చివర నుండును. ఆంగ్లమున కర్త వెంటనే క్రియ వచ్చును. ఇది యందరును ఎరిగినదే. ఇంతకంటె ఇబ్బంది కలిగించు భేదము మరియొకటి కలదు. వస్తువును వర్ణించు మాటలను మనము వస్తువునకు ముందుంచుదుము. ఆంగ్లేయులు తరచుగా వెనుక నుంచుదురు. అయిదవ వాక్యమును చూడుడు. "జ్వరరోగి రక్తమును త్రావిన దోమ" యని మన మందుము. అందు "ఎ మస్కీటో" అని మొదట వచ్చి, "దట్ హాడ్ ఫెడ్ ఆన్ ఎ ఫీవర్ పేషెంట్" అను వర్ణన పిమ్మట వచ్చినది.

కావున "దట్", "విచ్", "హూ" అను మాటలు నామవాచకము వెంట వచ్చినపుడు విద్యార్థి యాగి, "ఇది దేనిని వర్ణించుచున్నది?" అని ప్రశ్నించుకొనవలెను. రోగి రక్తమును త్రావినది కణములా, కడుపా, దోమయా? మాటలు ప్రక్కప్రక్కన నున్నవి గనుక తొందరపడువాడు ఏదో యొకటి చెప్పును. ఆలోచించువాడు దోమ యని చెప్పును. అయితే ప్రతి "దట్" వర్ణనకు గుర్తు గాదు. ఆరవ వాక్యమున "హి థాట్ దట్" అనుచోట ఆ మాటకు మన భాషలోని "అని" యను మాటయే యర్థము. తెలిసినదని తోచు చిన్న మాట యెట్లు వేషము మార్చునో దీనిని బట్టి తెలియగలదు.

అయిదవ వాక్యముననే "సెల్స్" అను మాట యున్నది. చేతిలోని ఫోను సెల్. గోడగడియారమున పెట్టునది సెల్. చెరసాలలోని గది సెల్. జీవుల దేహమందలి కణము సెల్. దోమ కడుపులో నుండదగినది వీనిలో నేది? ప్రక్కమాటలే చెప్పుచున్నవి.

5. చిన్న మాటల బలము

ఆరవ వాక్యమున "మైట్ బి" అను మాటలు కలవు. "ఆర్" అని యుండినచో అవి మలేరియా పరాన్నజీవులే యని నిశ్చయముగా చెప్పినట్లగును. "మైట్ బి" అనుటచే కావచ్చునని మాత్రమే చెప్పినట్లు. శాస్త్రజ్ఞుడు చూచినది వేరు, ఊహించినది వేరు, నిరూపించినది వేరు. ఈ మూడింటిని వేరుచేయు కంచెలు ఆంగ్లమున "సా", "థాట్", "మే", "మైట్", "ప్రూవ్‌డ్" వంటి చిన్న మాటలే. వీనిని దాటవేసి చదివినవాడు ఊహను నిజమని వ్రాయును. పరీక్షలో మార్కులు పోవుట యటుంచి, పెద్దవాడై మందు సీసాపైని కాగితమును చదువునపుడు ఇట్టి పొరపాటు ప్రాణాపాయము సయితము కలిగింపవచ్చును.

ఏడవ వాక్యమున "నాట్ అంటిల్ 1898" అని యున్నది. "నాట్" కనబడగానే ఆ పని జరుగలేదని తలచుట కలదు. జరిగినది, గాని 1898 వరకు జరుగలేదు. ఆ వాక్యముననే "బర్డ్ మలేరియా" యని యున్నది. మానవుల మలేరియా యని లేదు. రాస్ కలకత్తాలో పక్షులపై ప్రయోగములు చేసి, పరాన్నజీవి దోమయొక్క లాలాజలగ్రంథులను చేరునని కనుగొనెను. మానవులకు అనాఫిలిస్ దోమ వలననే మలేరియా సోకునని 1898 చివరను ఇటలీ దేశపు శాస్త్రజ్ఞులగు గ్రాసీ, బిగ్నామీ, బాస్టియనెల్లీ గార్లు చూపిరి. పాఠములో చెప్పినది యెంతయో, చెప్పనిది యెంతయో యెరుగుట చదువరికి ముఖ్యధర్మము.

6. ప్రశ్నలు

(అ) పంఖాను ఏల వాడలేదు?
(ఆ) రాస్ ఆగస్టు 20వ తేదీన ఏమి చూచెను? ఏమి తలచెను?
(ఇ) రెండవ వాక్యమందలి "వర్క్‌డ్" అను మాటకు తగిన తెలుగు ఏది?
(ఈ) "రాస్ మొదటినుండియు సరియైన దోమనే పరీక్షించెను." ఇది నిజమా? ఏ వాక్యము ఆధారము?
(ఉ) ఈ కార్యము రాస్ ఒక్కని వలననే జరిగెనా?

7. సమాధానములు

(అ) పంఖా గాలికి దోమలు ఎగిరిపోవును గనుక. ఉక్కపోతలో చెమట కార్చుచు రాస్ పని చేసెను. సూక్ష్మదర్శినియందలి మరలు ఆ చెమటకు తుప్పుపట్టినవని ఆయన వ్రాసియున్నాడు. అయితే ఈ రెండవ సంగతి మన పాఠమున లేదు గనుక పరీక్షలో సమాధానముగా వ్రాయరాదు.

(ఆ) చూచినవి దోమకడుపులోని వింతకణములు. అవి మలేరియా పరాన్నజీవులు కావచ్చునని తలచెను. రెండింటిని కలిపివేసి, "పరాన్నజీవులను చూచెను" అని వ్రాసినయెడల అది పాఠములోని మాట గాదు. తరువాతి కాలమున ఆ తలంపు సరియైనదని తేలినను, ఆ దినమున అది తలంపే.

(ఇ) "ఉద్యోగము చేసెను" అనియు, "పరిశోధన చేసెను" అనియు రెండు విధముల చెప్పవచ్చును. ఆయన వైద్యాధికారి, అదే కాలమున పరిశోధకుడు. ఒక మాటకు రెండర్థములు ఒకేసారి పొసగుటయు కలదు.

(ఈ) నిజము గాదు. మూడవ వాక్యమందలి "రాంగ్ కైండ్స్" అను మాటలే యాధారము. అనాఫిలిస్ జాతిని గాక వేరు జాతుల దోమలను కోసి చూచుటలో ఆయనకు చాలకాలము గడచెను. ఆధారవాక్యమును చూపకుండ అవును, కాదు అని చెప్పుట సమాధానము గాదు.

(ఉ) పాఠమున ఇతరుల పేర్లు లేవు. అయినను "ఫీవర్ పేషెంట్" అను రెండు మాటలలో ఒక మనుష్యుడున్నాడు. అతని పేరు హుసేన్ ఖాన్. దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకొని, జ్వరముతోనున్న తన దేహమును దోమలచే కుట్టించుకొనెను. అంతకు ముందు 1880లో పరాన్నజీవిని రోగి రక్తమున చూచినవాడు ఫ్రెంచి వైద్యుడగు లావరాన్; దోమకు దీనితో సంబంధముండవచ్చునని రాస్‌కు చెప్పినవాడు మాన్సన్. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానము లభించెను. బేగంపేటలో ఆయన పరిశోధన చేసిన భవనమునకు ఆయన పేరే పెట్టిరి. ఆగస్టు 20వ తేదీని దోమల దినముగా నేటికిని స్మరింతురు. హుసేన్ ఖాన్ చేసినదియు పనియే. "వర్క్" అను మాటను పూర్తిగా అర్థము చేసికొనిన విద్యార్థి అతనిని మరువడు.

8. తల్లిదండ్రులకు ఒక మాట

తమకు ఆంగ్లము రాదు గనుక పిల్లల చదువును పరీక్షింపజాలమని కొందరు తల్లిదండ్రులు తలచుచుందురు. అట్లు తలచవలదు. సాయంకాలము భోజనమునకు ముందు, "నేడు ఆంగ్లమున చదివినది నాకు తెలుగున చెప్పుము" అని యడుగుడు. బిడ్డ తడుముకొనక, మీకు తెలియునట్లుగా చెప్పగలిగినచో అతనికి పాఠము వచ్చినట్లు. ఆంగ్లపదములనే తిరుగవేసి చెప్పుచున్నచో ఇంకను రానట్లు. "అట్లేల జరిగినది?" అని మీరు మరల నొక ప్రశ్న వేయుడు. ఇంతకు మించిన పరీక్షకుడు కళాశాలలోను దొరకడు.

శాస్త్రము ఆంగ్లభాషకు సొంతమైనదను భ్రమయు వలదు. మన హైదరాబాదుననే 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికామండలి కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారి సంపాదకత్వమున చరిత్ర, శాస్త్ర గ్రంథములను తెలుగున ప్రకటించెను. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉరుదూభాషలో ఉన్నతవిద్యను బోధించెను. అందుకై ఒక అనువాదశాల శాస్త్రగ్రంథములను ఉరుదూలోనికి మార్చెను. 1948 తరువాత అచట బోధనాభాష ఆంగ్లమైనది. భాష మారినను సత్యము మారలేదు. నేడు ఆంగ్లమున విస్తారమైన శాస్త్రభాండారము చేరియున్నది గనుక ఆ తాళపుచెవి మనకు కావలయును. అంతేగాని, తాళపుచెవి లేనివానికి బుద్ధియే లేదనుట యన్యాయము.

బడంగ్‌పేట చుట్టుపట్ల కంచన్‌బాగ్ దిశగా రక్షణ పరిశోధనశాలలు కలవు; తార్నాక, హబ్సిగూడలందు రసాయన, భూభౌతిక, జీవకణ శాస్త్రముల పరిశోధనాలయములు కలవు. వాని గోడల వెలుపల పెరుగు మన పిల్లలు ఒకనాడు వాని లోపల పని చేయవలెనని మా కోరిక. అందుకు సాధనము కఠినమైనది గాదు. దినమునకు ఒక పుట; మూడుమారులు చదువుట; తెలిసినట్లు తోచు మాటవద్ద నొక నిముస మాగుట; చదివినదానిని ఇంటివారికి తెలుగున చెప్పుట. రాబోవు సెలవులలో పై ఏడు వాక్యములతో మొదలిడి, విద్యార్థులు తమ పాఠ్యపుస్తకమునుండి తామే ఏడేడు వాక్యములను ఏరుకొని, ప్రశ్నలు వ్రాసి, ఒకరి పుస్తకము నొకరు దిద్దుకొందురు గాక.